హోంవర్క్ డైరీలో రాయించండి, ఫోన్లో పంపకండి

గుంటూరు జిల్లాలోని పాఠశాలల, జూనియర్ కళాశాలల యాజమాన్యాలకు, ప్రధానోపాధ్యాయులకు, ప్రిన్సిపాళ్లకు, క్లాస్ టీచర్లకు,

నమస్కారం.

నేను తెనాలిలో ఇంటి దగ్గర లెక్కల ట్యూషన్ చెబుతుంటాను. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా పిల్లలు వస్తారు. కార్పొరేట్ స్కూళ్ల వాళ్లున్నారు, వీధి చివర కాన్వెంటు వాళ్లున్నారు, జిల్లా పరిషత్ హైస్కూలు వాళ్లూ ఉన్నారు. ఎవరి స్కూలు పేరూ ఇక్కడ ఎత్తను. చెప్పబోయేది ఏ ఒక్క స్కూలు సంగతీ కాదు గనుక.

పేరెంట్స్ మీటింగ్ జరిగిన సాయంత్రం తల్లులు మా గుమ్మంలో నిలబడి చెప్పే మాట దాదాపు ఒకటే. "ఫోన్ తగ్గించమన్నారు మేడమ్. మా మాట వినట్లేదు, మీరైనా చెప్పండి." చెబుతాను. ఆ మాట నడుస్తుండగానే ఆవిడ చేతిలోని ఫోన్ టింగుమంటుంది. క్లాసు గ్రూపులో హోంవర్క్ వచ్చింది. పొద్దున మీటింగులో ఫోన్ లాక్కోమని చెప్పిన టీచరే సాయంత్రం ఏడున్నరకి, ఫోన్ చూస్తే తప్ప కుదరని పని పిల్లకి అప్పజెప్పారు.

నేను అడిగేది చిన్న విషయం. పిల్లల చదువును వాట్సాప్‌లోంచి బయటికి తీయండి. హోంవర్క్, నోట్సు, మోడల్ పేపర్లు, ప్రాజెక్టులు, అన్నీ. సోషల్ మీడియాతో పిల్లల చదువు పాడవుతోందని మీరంటున్నది నిజమే, కాదనను. అయితే చదువుకోవడానికి కూర్చున్న పిల్లకి ఆ సమయంలోనే ఫోన్ చేతికి రావడానికి కారణం చాలా ఇళ్లలో మీరు పంపే హోంవర్కే.

ఎలాగో నా ఎదురుగా జరిగిందే చెబుతాను. తొమ్మిదో తరగతి అమ్మాయి. బుద్ధిమంతురాలు, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. స్కూలు గ్రూపు అమ్మ నంబరు మీద ఉంది కాబట్టి ట్యూషన్‌కి అమ్మ ఫోన్ తెచ్చుకుంది. గ్రూపు తెరిస్తే ముందు కనబడేది హోంవర్క్ కాదు. "ఓకే సార్", "థాంక్యూ సర్", నమస్కారం బొమ్మలు, ఎవరో తండ్రి పెట్టిన శుక్రవారం లక్ష్మీదేవి ఫొటో, బస్సు ఆలస్యమని ఒకరి ఫిర్యాదు, దానికి నలుగురి వంత. వాటన్నిటినీ పైకి తోసుకుంటూ పోతే ఎక్కడో బోర్డు ఫొటో దొరికింది. ఓ మూల ట్యూబులైటు వెలుగు పడి రెండు లెక్కలు కనబడట్లేదు. మిగిలినవి వేళ్లతో పెద్దవి చేసి చూసుకుంటూ నోట్సులోకి ఎక్కించుకుంది.

మొదటిది హెరాన్ సూత్రం లెక్క. త్రిభుజం భుజాలు 13, 14, 15 సెంటీమీటర్లు, వైశాల్యం కనుక్కోవాలి. అర్ధ చుట్టుకొలత 21 వేసింది. అందులోంచి భుజాలు తీసేసి 8, 7, 6 రాసింది. నాలుగింటినీ గుణించి 7056 దగ్గరికి వచ్చింది. ఇక వర్గమూలం తీయాలి. అప్పుడే ఫోన్ పైభాగాన చిన్న పట్టీ జారింది: పెద్దమ్మ కొడుకు ఏదో రీల్ పంపాడు. తెరిచింది. క్రికెట్ మీద జోకు. నవ్వింది. వేలు దానంతటదే పైకి కదిలింది, ఇంకోటి వచ్చింది, ఆ తర్వాత ఇంకోటి. నేను అవతల ఇంటర్ పిల్లలకి సమితులు చెబుతూ కావాలనే ఊరుకున్నాను, ఎంతసేపు సాగుతుందో చూద్దామని. నేను వాళ్లతో ఒక లెక్క పూర్తి చేసేదాకా సాగింది. తర్వాత ఉలిక్కిపడినట్టు నోట్సు వైపు చూసింది. 7056 ఎందుకు రాసుకుందో గుర్తు రాలేదు. మళ్లీ 13, 14, 15 కూడుకోవడం మొదలుపెట్టింది.

జవాబు 84. అరనిమిషం దూరంలో ఉంది.

ఆ పిల్లని తిట్టడానికి నాకు నోరు రాలేదు. తను రీల్స్ చూద్దామని ఫోన్ తీయలేదు. మీరు పంపిన లెక్క కోసం తీసింది. లెక్కా, రీలూ ఒకే తెర మీద, ఒకే వేలి కింద ఉన్నాయి. చేపల బజారు నడిమధ్య పీట వేసి జపం చేసుకోమని, ఏకాగ్రత లేదని మళ్లీ మనమే కోప్పడుతున్నాం.

ఇదంతా ఎక్కడ మొదలైందో మీకు తెలియంది కాదు. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి చానల్లో పాఠాలు వేశారు. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి టీశాట్‌లో, యాదగిరి చానల్లో మొదలుపెట్టారు. ప్రైవేటు స్కూళ్లు జూమ్, వాట్సాప్ పట్టుకున్నాయి. అప్పటిదాకా ఇంట్లో ఒక్క మామూలు ఫోన్ ఉన్నవాళ్లు కూడా అప్పు చేసి స్మార్ట్‌ఫోన్ కొన్నారు. పుస్తెలు కుదువపెట్టి కొన్న తల్లి మా వీధిలోనే ఉంది. ఆ రోజుల్లో అది తప్పదు, తప్పూ కాదు.

సరిగ్గా ఆ నెలల్లోనే ఇంకోటీ జరిగింది. అదే ఏడాది జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. ఆ ఖాళీలోకి జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చింది. సెప్టెంబరులో యూట్యూబ్ తన షార్ట్స్‌ను ప్రయోగాత్మకంగా మొట్టమొదట మన దేశంలోనే విడుదల చేసింది. అంటే చదువు కోసమని మన పిల్లల చేతికి ఫోన్ వచ్చిన ఏడాదీ, నిమిషానికి రెండు వీడియోలు మింగించే సరంజామా ఆ ఫోన్లోకి దిగిన ఏడాదీ ఒకటే. ఎవరూ పన్నాగం పన్నలేదు. అలా కుదిరిందంతే. కానీ బడులు తెరిచి, బెంచీలు తుడిచి, సుద్దముక్కలు మళ్లీ తెప్పించాక కూడా గ్రూపులు మాత్రం ఎవరూ మూయలేదు. డైరీ అచ్చు వేయించే ఖర్చు తగ్గింది, జిరాక్సు ఖర్చు తగ్గింది, ఫీజు గుర్తుచేయడం తేలికైంది. ఆ సౌకర్యాన్ని మీరు వదులుకోలేదు. దానికి మూల్యం పిల్లల సాయంత్రాలు.

పిల్లల చదువు ఎలా ఉందో చూసే ఏసర్ సర్వేవాళ్లు 2024లో దేశమంతా పల్లెల్లో తిరిగి 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను అడిగారు. దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. వాడటం తెలుసన్న పిల్లల్లో, అంతకుముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి వాడామన్నవాళ్లు 57 శాతం. సోషల్ మీడియాకి వాడామన్నవాళ్లు 76 శాతం. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పిల్లలు చెడిపోయారని వ్యాసాలు రాసేవాళ్లు రాస్తున్నారు. నాకు కనబడేది వేరు. ఆ రెండు పనులూ జరుగుతున్నది ఒకే ఫోన్లో. చదువుకని తీసిన ఫోన్ ఆటకి మళ్లడానికి ఒక్క వేలికదలిక చాలు. ఆటకని తీసిన ఫోన్ చదువుకి మళ్లడం నేనింతవరకూ చూడలేదు.

ఇక ఈ అలవాటు చదివే తీరును ఎలా మార్చిందో చెబుతాను. మీ క్లాసులో నలభై, యాభై మంది ఉంటారు కాబట్టి మీకిది కనబడకపోవచ్చు. నా చాప మీద పదిమందే ఉంటారు.

లెక్క ఎదురుతిరిగినప్పుడు దానితో కుస్తీ పట్టే ఓపిక పోయింది. వెనకటి పిల్లలు మరీ మేధావులని కాదు. వాళ్లకీ రాకపోయేది. అయితే రానప్పుడు పెన్ను నోట్లో పెట్టుకుని కాసేపు కూర్చునేవాళ్లు, కొట్టేసి మళ్లీ రాసేవాళ్లు, పక్కవాణ్ణి గిల్లేవాళ్లు. ఇప్పుడు రెండో లైనులోనే "మేడమ్, దీనికి వీడియో ఉందా?" అంటున్నారు. వీడియో ఉంటుంది. చాలా బాగా కూడా ఉంటుంది. చూస్తున్నంతసేపూ అన్నీ అర్థమవుతాయి. అయిపోగానే పుస్తకం మూసి, అదే లెక్కలో అంకెలు మార్చి ఇస్తే చెయ్యి కదలదు. అర్థం కావడం వేరు, రావడం వేరు. ఆ తేడా తెలియాలంటే ఎవరి సాయమూ లేకుండా కాగితం ముందు కూర్చోవాలి.

దీని మీద అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ పిల్లలకి ఒక పాఠం ఇచ్చి, కొందరిచేత దాన్నే మళ్లీ మళ్లీ చదివించారు. కొందరిచేత చదివాక పాఠం పక్కన పెట్టి, గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే, చూడకుండా రాసినవాళ్లు ముందుకొచ్చారు. ఫోన్లో చదువంతా ఆ మొదటి రకం. అప్పటికప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుంది. అందుకే పరీక్ష హాల్లోంచి బయటికొచ్చిన పిల్లలు "అన్నీ చూసినవే మేడమ్, రాయడానికి రాలేదు" అంటున్నారు. నాకు ఈ మధ్య అన్నిటికన్నా ఎక్కువ వినబడుతున్న వాక్యం ఇదే.

రెండోది, స్క్రీన్‌షాట్ల పిచ్చి. ఇంటర్ అబ్బాయి ఒకడు ఫోన్లో గ్యాలరీ చూపించాడు, ఏదో సూత్రం వెతకడానికి. ఫిజిక్స్ నోట్సు, కెమిస్ట్రీ సమీకరణాలు, "ఈ పది చదివితే పాస్ గ్యారంటీ" అని ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన జాబితాలు, మధ్యమధ్య బైకులు, హీరోల ఫొటోలు, అమ్మమ్మ ఊళ్లో కుక్కపిల్ల. ఎంత తోసినా అడుగు రాలేదు. వాటిలో ఎన్ని చదివావురా అంటే నిజాయితీగానే చెప్పాడు: "సేవ్ చేశాను కదా మేడమ్." సేవ్ చేస్తే పని అయిపోయినట్టే లెక్క. టెలిగ్రామ్‌లో పీడీఎఫ్‌ల సంగతీ అంతే. లెక్చరర్లు నోట్సు చెప్పి రాయించడం మాని పీడీఎఫ్ పంపడం మొదలుపెట్టాక ఇది ముదిరింది. రన్నింగ్ నోట్సు విసుగే, ఒప్పుకుంటాను. కానీ రాసేటప్పుడు చెవి, కన్ను, చెయ్యి మూడూ ఆ పాఠం మీదే ఉండేవి. పైగా పరీక్షలో మూడు గంటలు రాయాల్సింది చేత్తోనే. పిల్లల చేతులు గంటన్నరకే నొప్పెడుతున్నాయి. పేపరు రెండో సగంలో చేతిరాత చూడండి, తెలుస్తుంది.

మూడోది వేళ. దీన్ని మీరు బొత్తిగా ఊహించి ఉండరు. ఇంట్లో ఉన్నది ఒక్కటే స్మార్ట్‌ఫోన్, అది ఆటో నడిపే నాన్న దగ్గర ఉంటుంది. ఆయన ఇంటికొచ్చేది రాత్రి తొమ్మిదికి. హోంవర్క్ ఆ ఫోన్లో ఉంది. అంటే ఆ పిల్ల చదువు తొమ్మిదింటికి మొదలవుతుంది. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఖాళీ. తొమ్మిదికి ఫోన్ వచ్చాక హోంవర్క్ పదిన్నర దాకా, ఆ తర్వాత దుప్పట్లో ఫోన్ ఎందాకో దేవుడికెరుక. పొద్దున మీ ప్రార్థనలో ఆవలించేది ఆ పిల్లే. ఆలస్యంగా వచ్చినందుకు గ్రౌండు చుట్టూ పరుగెత్తించేదీ ఆ పిల్లనే. అదే హోంవర్క్ బోర్డు మీద రాసి, ఆఖరి గంట కొట్టేలోపు డైరీలో ఎక్కించి ఉంటే ఆరున్నరకల్లా అయిపోయేది.

స్నాప్‌చాట్‌లో స్ట్రీక్ అని ఒకటుంది. తెలియని పెద్దల కోసం చెబుతున్నాను. ఇద్దరు స్నేహితులు రోజుకి ఒక్కసారైనా ఒకరికొకరు ఫొటో పంపుకుంటూ ఉంటే ఎన్ని రోజులైందో అంకె పెరుగుతూ ఉంటుంది. ఒక్క రోజు తప్పితే సున్నా. పిల్లలు సీలింగ్ ఫ్యాన్ ఫొటో తీసి పంపుతారు, చెప్పు ఫొటో తీసి పంపుతారు, ఏదో ఒకటి పోవాలి. పరీక్ష ముందురోజు రాత్రి కూడా ఈ నోము తప్పదు. ఒకమ్మాయి ఊరెళుతూ తన ఫోన్ చెల్లెలికిచ్చి, నా స్ట్రీకులు చూసుకోవే అని ఒప్పగించి వెళ్లింది. నవ్వొచ్చింది, ఆ తర్వాత నవ్వు రాలేదు. ఇలా మానలేకుండా చేసే విద్య ఆ కంపెనీలకి బాగా తెలుసు. పద్నాలుగేళ్ల పిల్ల మనోనిబ్బరంతో దాన్ని గెలవాలని మనం ఆశిస్తున్నాం. ముప్ఫై అయిదేళ్ల వాళ్లమ్మే గెలవలేకపోతోంది.

ఇవన్నీ మీ తప్పే అనట్లేదు. ఫోన్ కంపెనీలున్నాయి, తల్లిదండ్రులున్నారు, మాలాంటి ట్యూషన్ వాళ్లమూ ఉన్నాం. కానీ మీ చేతిలో ఉన్నది మీరు చేయొచ్చు. చేయకపోగా కొన్నిచోట్ల ఎదురు పని జరుగుతోంది. కొన్ని స్కూళ్లు తమ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పిల్లల ఫొటోలు పెట్టి, ఎవరి ఫొటోకి ఎక్కువ లైకులొస్తే వాళ్లకి బహుమతి అంటున్నాయి. ఆరో తరగతి పిల్లవాడు బంధువులందరికీ లింకు పంపి, లైకు కొట్టండి అని బతిమాలుకుంటున్నాడు. ఆ వారమంతా వాడి కన్ను అంకె మీదే. వాడికి పదకొండేళ్లు. ఇన్‌స్టాగ్రామ్ తన నిబంధనల్లోనే పదమూడేళ్లు నిండాలంటోంది. ఆ కంపెనీయే చిన్నపిల్లలకి వద్దంటుంటే, బడి పట్టుకుపోయి కూర్చోబెట్టడం ఏమిటి? ప్రాజెక్టు వీడియో తీసి గ్రూపులో పెట్టమనడం, పద్యం అప్పజెబుతూ రీల్ చేయమనడం కూడా ఈ కోవలోవే. పద్యం క్లాసులో లేచి నిలబడి అప్పజెబితే చాలదా? తప్పు పోతే పక్కవాడు అందించేవాడు. ఇంట్లో నాలుగు టేకులు తీసి, బాగా వచ్చింది పంపిస్తే పిల్లవాడికి వచ్చేది పద్యం కాదు, ఎడిటింగు.

2023 ఆగస్టులో మన ప్రభుత్వం బడుల్లోకి విద్యార్థులు సెల్‌ఫోన్లు తేకూడదని ఆదేశించింది. టీచర్లు కూడా క్లాసులోకి తీసుకెళ్లకూడదంది. అదే ఏడాది యునెస్కో ఇచ్చిన నివేదిక దానికి ప్రేరణ. ఒకసారి చెదిరిన దృష్టి మళ్లీ పాఠం మీదికి రావడానికి ఇరవై నిమిషాల దాకా పట్టవచ్చని ఆ నివేదికలో ఉంది. మంచి ఆదేశమే. అయితే ఆ ఇరవై నిమిషాల లెక్క బడి గేటు లోపలే వర్తిస్తుందా? నాలుగున్నరకి గంట కొట్టాక పిల్లల మెదడు మారిపోతుందా? పగలు గేటు దగ్గర ఫోన్ ఆపి, రాత్రి అదే ఫోన్లోకి పాఠం పంపడంలో అర్థం నాకు చిక్కలేదు.

కేరళను చూడండి. 2024 నవంబరులో అక్కడి హయ్యర్ సెకండరీ విభాగం, ప్లస్ వన్, ప్లస్ టూ (మన ఇంటర్) పిల్లలకి నోట్సు, ఇతర చదువు సామగ్రి వాట్సాప్ లాంటివాటి ద్వారా పంపొద్దని టీచర్లకి చెప్పింది. బాలల హక్కుల కమిషన్ దాకా తల్లిదండ్రులు వెళ్తే వచ్చిన ఆదేశం అది. పంపిన పీడీఎఫ్‌లు ప్రింటు తీయించుకోవడానికి డబ్బులు అవుతున్నాయన్నది కూడా అందులో ఒక కారణం. మా దగ్గర జిరాక్సు షాపుల ముందు సాయంత్రం నిలబడే పిల్లలను చూస్తే అదీ అర్థమవుతుంది. స్కూలు మిగుల్చుకున్న కాగితం ఖర్చు ఆటో డ్రైవరు జేబు మీద పడింది, అంతే.

ఆస్ట్రేలియా పదహారేళ్లలోపు పిల్లలకి సోషల్ మీడియా ఖాతాలే ఉండకూడదని చట్టం చేసింది. 2025 డిసెంబరు 10 నుంచి అమలులోకి తెచ్చింది. మన దేశంలోనూ 2023 నాటి డేటా రక్షణ చట్టంలో పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని రాశారు. అలాంటి చట్టాలు ఎంతవరకు పనిచేస్తాయో కొన్నేళ్లు పోతే గాని తెలియదు. పుట్టిన తేదీ తప్పు వేసి ఖాతా తెరవడం మన పిల్లలకి నాలుగో తరగతిలోనే వచ్చు. మీరు చేయాల్సిన దానికి మాత్రం చట్టం అక్కర్లేదు, అసెంబ్లీ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తేవడం దేనికి?

"తల్లిదండ్రులే అడుగుతున్నారు గ్రూపులో పెట్టమని" అంటారు మీరు. అడుగుతారు. పిల్లవాడు డైరీ రాసుకోకుండా వస్తాడని భయం. కానీ ఏం రాసుకోవాలో తానే రాసుకోవడం, రాసుకోకపోతే మర్నాడు తానే జవాబు చెప్పుకోవడం, అదీ చదువే. గ్రూపు వచ్చాక ఆ బాధ్యత పిల్లవాడి నెత్తి మీంచి తల్లి ఫోన్లోకి పోయింది. హోంవర్క్ ఏమిట్రా అంటే "అమ్మకి తెలుసు" అంటున్నాడు పదో తరగతి కుర్రాడు. మీసాలొస్తున్నాయి వాడికి.

రెండో అభ్యంతరం, రాని పిల్లల సంగతేమిటని. జ్వరమొచ్చి మానేసిన పిల్లకి పక్కింటి పిల్ల నోట్సు ఇచ్చేది. ఇప్పటికీ ఇవ్వగలదు. ఇస్తే ఇద్దరూ కాసేపు మాట్లాడుకుంటారు కూడా.

గ్రూపులే వద్దని నేననట్లేదు. రేపు సెలవు, బస్సు రాదు, ఫీజు గడువు, టీకాల శిబిరం, ఇలాంటివి తల్లిదండ్రులకి పంపుకోండి. అడ్మిన్ తప్ప ఇంకెవరూ రాయకుండా పెట్టుకుంటే ఆ నమస్కారాల గోలా ఉండదు. మన మిత్ర అనే ప్రభుత్వ సేవలో హాల్‌టికెట్, మార్కులు వాట్సాప్‌కే వస్తున్నాయి. బాగుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు అవసరపడేది అది, రోజూ సాయంత్రం పుస్తకం పక్కన ఉండాల్సింది కాదు. ఆన్‌లైన్ పాఠాల మీదా నాకు పగ లేదు. త్రికోణమితి నా నోటితో ఎక్కని ఒకమ్మాయికి యూట్యూబులో ఎవరో మాస్టారు తెలుగులో చెప్పింది ఎక్కింది. ఆదివారం, వాళ్ల నాన్న పక్కన కూర్చుని, ఆ ఒక్క పాఠం చూసి ఆపేశారు. అలా వాడుకునే ఇళ్లూ ఉన్నాయి.

ఇంటర్ హాస్టళ్లవాళ్లు ఇదంతా చదివి, మా దగ్గర ఫోన్లే ఉండవు కదా అనుకోవచ్చు. ఉండవు, తెలుసు. పెట్టెలు కూడా వెతుకుతారు. రెండేళ్లు అలా బిగించి ఉంచిన పిల్లవాడు సంక్రాంతికి ఇంటికొచ్చి నాలుగు రోజులు ఫోన్ కింద పెట్టకుండా చూస్తాడు, ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో మునిగిపోతాడు. దాచిపెడితే ఫోన్ పోతుంది, దాన్ని పక్కన పెట్టే అలవాటు రాదు. ఫోన్ ఎదురుగా ఉన్నా గంటసేపు పుస్తకం తీయడం నేర్పాలి. మీ స్టడీ అవర్స్‌లో దాని ఊసే లేదు. ఇది పెద్ద విషయం, విడిగా రాయాల్సింది.

టీచర్ల వైపు నుంచి ఒక మాట. మీరూ ఈ గ్రూపుల కింద నలుగుతున్నారని నాకు తెలుసు. మా అన్నయ్య ప్రభుత్వ టీచరు. ఆఫీసు గ్రూపు, మండలం గ్రూపు, సబ్జెక్టు గ్రూపు, భోజనం ఫొటో, మరుగుదొడ్డి ఫొటో, హాజరు యాప్. రాత్రి పదింటికి "వెంటనే పంపండి" అని వస్తుంది. ప్రైవేటు స్కూళ్ల టీచర్లదీ మెరుగేం కాదు. ఇంటికెళ్లాక తల్లుల సందేహాలకి పదకొండు దాకా జవాబులు రాస్తూ, ఆలస్యమైతే ప్రిన్సిపాల్ దగ్గర మాట పడుతూ. హోంవర్క్ బోర్డు మీదికి మారితే మొదట బాగుపడేది మీ రాత్రులే. యాజమాన్యాలు ఈ కోణంలో కూడా ఆలోచించాలి.

కనుక ఏం చేయమంటానంటే, డైరీలు అచ్చు వేయించండి. వేయించలేకపోతే రూళ్ల నోట్సు పుస్తకం ఒకటి డైరీ అనండి, ఏం ఫర్వాలేదు. ఆఖరి పీరియడులో పది నిమిషాలు హోంవర్క్ రాసుకోవడానికి వదలండి. బోర్డు మీద రాసేవాళ్లు మీలో ఇప్పటికీ ఉన్నారు, వాళ్లని చూసే ఈ మాట అంటున్నాను. మోడల్ పేపర్లు ఇవ్వాల్సివస్తే జిరాక్సు తీసి ఇవ్వండి, ఖర్చు ఫీజులోనే ఉంటుంది, ఎలాగూ దేనిదేనికో వేస్తున్నారు. లైకుల పోటీలు, వీడియో హోంవర్కులు ఈ రోజే ఆపేయండి, వాటికి దసరాలూ ముహూర్తాలూ అక్కర్లేదు. వారానికోసారి ఒక పీరియడు పుస్తకం మూయించి, నిన్నటి పాఠంలో గుర్తున్నది తెల్లకాగితం మీద రాయించండి. దిద్దనక్కర్లేదు. మార్కులు వేయనక్కర్లేదు. పిల్లలే పుస్తకం తెరిచి చూసుకుంటారు, ఏది వచ్చో ఏది రాదో వాళ్లకే తెలుస్తుంది. నేను మా ఇంట్లో ఇది చేయిస్తున్నాను. మొదట్లో కాగితాలు ఖాళీగా వచ్చాయి, పిల్లలు సిగ్గుపడ్డారు. ఇప్పుడు పేజీ నిండుతోంది, కొందరు అదనపు కాగితం అడుగుతున్నారు. ఆ వేళప్పుడు ఫోన్లన్నీ మా టీవీ స్టాండు మీద బోర్లా పడుకుని ఉంటాయి.

అన్ని తరగతులకీ ఒకేసారి మార్చడం కష్టమంటే తొమ్మిదో తరగతిలో ఒక్క సెక్షన్‌తో మొదలుపెట్టండి. పదో తరగతి వద్దు, ఫలితాల భయంతో మీరే వెనక్కి తగ్గుతారు. రెండు యూనిట్ టెస్టులు గడిచాక ఆ సెక్షన్ నోట్సు పుస్తకాలు, పక్క సెక్షన్ నోట్సు పుస్తకాలు ఒకే బల్ల మీద పెట్టి చూడండి. మార్కులు తర్వాత చూద్దురు గాని, ముందు పుస్తకాలు చూడండి: కొట్టివేతలు ఎన్ని ఉన్నాయి, సగంలో వదిలేసిన లెక్కలు ఎన్ని, మార్జిన్‌లో సొంతంగా వేసుకున్న గుణకారాలు ఎన్ని. తేడా ఏమీ లేకపోతే నా మాట తప్పని తేలుతుంది. మీ గ్రూపు మీరు నడుపుకోండి, నేను మళ్లీ ఉత్తరం రాయను.

దీనికి జవాబు ఇవ్వదలచుకుంటే వచ్చే పేరెంట్స్ మీటింగులో, తల్లిదండ్రులందరూ ఉండగా నోటితో చెప్పండి. గ్రూపులో మాత్రం పెట్టకండి.

ఇట్లు,
తెనాలిలో లెక్కలు చెప్పుకునే ఒక ట్యూషన్ టీచరు